జీప్‌ని ట్రైలర్ మీద పెట్టి కొలరాడో ఘాట్లు ఎక్కించాలి, ఎఫ్-150 సరిపోద్దా?

ప్లేనో_పాండు:

అందరికీ నమస్తే. మేం డాలస్ సైడ్ ఉంటాం. నా దగ్గర రాంగ్లర్ రూబికాన్ నాలుగు డోర్లది ఉంది, రెండించుల లిఫ్ట్, 35 అంగుళాల టైర్లు, ముందు స్టీల్ బంపర్, వించ్, మామూలుగా అందరూ చేయించుకునేవే. ఈ సమ్మర్‌లో దాన్ని కొలరాడోలో యూరే తీసుకెళ్ళి కొండల్లో తిప్పాలి, అక్కడి నుంచి యూటాలో మోయాబ్, తర్వాత ఐ-70 మీద డెన్వర్ వచ్చి ఫ్రెండ్ ఇంట్లో ఒకట్రెండు రోజులుండి ఇంటికి. జీప్‌ని వెయ్యి మైళ్ళు నడపడం నా వల్ల కాదు, 35 టైర్ల మీద హైవేలో ఆ చప్పుడుకి పిల్లలు గంటలో గోల పెడతారు, అందుకే ట్రైలర్ మీద పెట్టి ట్రక్కుతో లాక్కెళ్దామని.

ట్రక్కు ఎఫ్-150, 2.7 ఎకోబూస్ట్, టో ప్యాకేజ్ ఉంది. బ్రోషర్ ప్రకారం 8 వేల పౌండ్ల చిల్లర లాగుద్ది. ట్రైలర్ ఇక్కడ ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ చూశా, 18 అడుగుల కార్ హాలర్, తన బరువుతో కలిపి 7000 పౌండ్ల లిమిట్‌ది, రెండు యాక్సిళ్ళకీ ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి. మనుషులం అయిదుగురం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మా మామగారు. టెక్సస్‌లో ఇల్లు మారినప్పుడు ట్రైలర్ లాగాను గానీ ఇక్కడంతా పళ్ళెంలా చదును కదా, ఘాట్ అనేదే లేదు. 11 వేల అడుగుల ఎత్తులో ఈ ఇంజన్ లాగుతుందా, లేకపోతే మధ్యలో వేడెక్కి ఆగిపోద్దా? అసలు నేను దేని గురించి భయపడాలో చెప్పండి.

గోల్డెన్_గోదారి:

పాండు గారూ, ఇంజన్ గురించి భయం వద్దు, అది ఎక్కుద్ది. మేం డెన్వర్‌కి పడమర కొండ మొదట్లోనే ఉంటాం, వీకెండ్ వస్తే మా ఇంటి ముందు నుంచే ఈ ట్రైలర్లన్నీ పైకి పోతాయి. ఎక్కలేక ఆగిపోయినవాళ్ళు తక్కువ, దిగి వచ్చాక చక్రాల్లోంచి పొగలొస్తుంటే షోల్డర్ మీద ఆపుకుని నిలబడినవాళ్ళు ఎక్కువ. ఆ సంగతి తర్వాత, ముందు బరువు లెక్క తేల్చుకోండి, ఎందుకంటే మీరు బ్రోషర్‌లో 8 వేలు చూసి ఆగిపోయారు.

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పసుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులు సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని. ఈ ట్రక్కుకి పదిహేను వందలు, పదహారు వందల దగ్గర ఉంటుందనుకోండి. ఇప్పుడు రూబికాన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడే 4,400 పైన, మీ బంపరు వించీ టైర్లూ కలిపితే 5 వేలకి అటూ ఇటూ. ట్రైలర్ ఖాళీగా 2 వేలు. రెండూ కలిపి 7 వేలు, అంటే ట్రైలర్ మోయగలిగినంతా నిండిపోయింది, జీప్ వెనకాల ఒక కూలరూ పెట్రోల్ క్యానూ పెడితే దాటిపోయినట్టే. అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే ట్రక్కుకి ట్రైలర్ తగిలించే చోట, పడాలి, లేకపోతే ట్రైలర్ తోకాడిస్తుంది. పన్నెండు శాతం అనుకుంటే 840 పౌండ్లు. ఇది పోయేది మీ పసుపు స్టిక్కర్ లెక్కలోంచే. మనుషులు అయిదుగురు ఎంత సన్నగా ఉన్నా 650. ఇక్కడికే 1,490. ఆ బరువుని అన్ని యాక్సిళ్ళకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అదొక్కటే 80, 100 పౌండ్లుంటుంది. సూట్‌కేసులు ఎక్కడ పెడతారు మరి?

ఇంకోటి, ట్రక్కు కిందకి వంగి రిసీవర్ (హిచ్ దూర్చే గొట్టం) మీద స్టిక్కర్ చదవండి. చాలా ఎఫ్-150లకి మామూలు బాల్ మౌంట్‌తో అయితే 5000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్ వెయిట్ (హిచ్ మీద పడే బరువు) వరకే అని ఉంటుంది, ఆ పైన అయితే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తప్పనిసరి. ఇది తెలియకుండా ఏళ్ళ తరబడి లాగేవాళ్ళున్నారు.

ఊహల మీద వద్దు, ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది, జీప్ ఎక్కించి పిల్లల్ని కూర్చోబెట్టి తూకం వేయించండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ మూడూ విడివిడిగా చీటీ ఇస్తారు. ఒక భోజనం ఖర్చు కూడా అవ్వదు.

లైట్_తీస్కో_బ్రో:

అన్నా ఇదంతా ఎందుకు, యూరేలోనూ మోయాబ్‌లోనూ జీప్‌లు రెంట్‌కి దొరుకుతాయి, ఫ్లైట్‌లో మాంట్రోస్ దిగు, జీప్ తీస్కో, గీతలు పడితే వాళ్ళ జీపు మీద పడతాయి. ట్రైలర్, హిచ్, టైర్లు, గాలన్‌కి 9 మైళ్ళు, లెక్కేస్తే నీకే అర్థమైతది.

ప్లేనో_పాండు:

లెక్క ప్రకారం నువ్వు చెప్పిందే రైటు బ్రో. కానీ రెండేళ్ళు వీకెండ్‌లన్నీ ఈ జీప్ కింద పడుకుని ఒక్కో బోల్టు బిగించుకుంది యూరేలో వేరే వాళ్ళ జీప్ తొక్కడానికి కాదు కదా 😄

గోదారి గారూ, థాంక్స్ అండీ. పసుపు స్టిక్కర్ చూశా, 1,580 ఉంది. రిసీవర్ మీద మీరు చెప్పినట్టే 5000 / 500. ఈ శనివారం ఆ ట్రైలర్ అరువడిగి తూకం వేయిస్తా.

శ్రీశైలం_డ్యూటీ:

మా నాన్నగారు ఆర్టీసీలో డ్రైవరు, చాలా ఏళ్ళు శ్రీశైలం సర్వీసు చేశారు. ఆయన నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఘాట్ గురించి చెప్పింది ఒకటే, ఏ గేర్లో ఎక్కావో అదే గేర్లో దిగు, బ్రేకు కాలితో కాదురా ఇంజన్‌తో పట్టాలి అని. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే లారీవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. తిరుమల ఘాట్‌లో చూడండి, దిగేటప్పుడు ఇంత టైం కంటే ముందు కిందకి చేరితే పట్టుకుంటారు, ఎక్కడానికి పెట్టిన టైం కంటే దిగడానికి పెట్టిందే ఎక్కువ. ఊరికే పెట్టారా ఆ రూలు? కొలరాడో అయినా కొండ కొండే, ఎక్కిన గేర్లోనే దిగండి, ఏమీ కాదు.

టార్క్_మాస్టారు:

డ్యూటీ గారూ, నాన్నగారి మాటలో ప్రాణం ఉంది, కాదనను. కానీ ఆ రూలు అయిదు గేర్ల లైలాండ్ బస్సుకి. ఇప్పటి ఎఫ్-150లో పది గేర్లు, పైగా టర్బో ఇంజన్ కింద ఆర్‌పీఎంలోనే బోల్డంత టార్క్ ఇచ్చేస్తుంది కాబట్టి ఎక్కేటప్పుడు ఆరో గేర్లో హాయిగా ఎక్కేస్తుంది, అదే ఆరో గేర్లో దిగితే అది ఏమీ పట్టదు, జారిపోద్ది. చిన్న పెట్రోల్ టర్బోలకి ఇంజన్ బ్రేకింగ్ తక్కువే, 2.7 లీటర్లంటే అసలు ఎంత గాలి పీలుస్తుంది చెప్పండి, డీజిల్ ట్రక్కుల్లో ఉన్నట్టు ఎగ్జాస్ట్ బ్రేక్ కూడా ఉండదు. కాబట్టి ఎక్కిన దానికంటే కింది గేరు కావాలి. టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి సెట్టింగ్) వేసి, కొండ అంచు దాటకముందే, అంటే బండి ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే, మాన్యువల్‌గా మూడో నాలుగో గేర్లోకి దించాలి. ఆర్‌పీఎం నాలుగు వేల పైకి పోతుంది, అరుస్తుంది, మీ మామగారు కంగారు పడతారు, పడనీండి. రెడ్ లైన్ లోపల ఉన్నంతసేపు దానికేం కాదు.

ఎందుకు ఇంత చెప్తున్నానంటే ఒక లెక్క చూడండి. మీ ట్రక్కు, మనుషులు, ట్రైలర్, జీప్ అన్నీ కలిపి పన్నెండున్నర వేల పౌండ్లు దాటతాయి, అంటే దాదాపు అయిదు టన్నుల ముప్పావు. ఐ-70 మీద ఐసెన్‌హవర్ టన్నెల్ తూర్పు నోరు 11,013 అడుగులు, అక్కడి నుంచి జార్జ్‌టౌన్ దాకా దిగేసరికి ఇంచుమించు 2,500 అడుగులు కిందకొస్తారు. ఆ బరువు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 12 యూనిట్ల కరెంటు, ఒకటిన్నర టన్ను ఏసీ ఏడెనిమిది గంటలు నడిచేంత. అది పావుగంటలో ఎక్కడికో పోవాలి. కొంత గాలి తింటుంది, కొంత ఇంజన్ తింటుంది, మిగిలిందంతా బ్రేకు డిస్కుల్లో వేడి. ఎత్తులో గాలి పలచన కాబట్టి డిస్కులు చల్లారడం కూడా నెమ్మదే. పాత బ్రేక్ ఫ్లూయిడ్‌లో తేమ చేరి ఉంటే అది మరిగే టెంపరేచర్ బాగా పడిపోతుంది, డాట్ 3 కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ పైన, తేమ పట్టింది 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి, పెడల్ తొక్కితే నేలకి పోద్ది. బయల్దేరే ముందు ఫ్లూయిడ్ మార్పించండి, ఇదొక్కటి మాత్రం వాయిదా వేయకండి.

బ్రేకు వేసే పద్ధతి కూడా ఉంది. పాదం ఆనించి ఉంచడం కాదు. 45లో దిగాలనుకుంటే బండి 45 దాటగానే గట్టిగా వేసి 40కి తెచ్చి పూర్తిగా వదిలేయండి, మళ్ళీ 45కి వచ్చేదాకా ముట్టుకోవద్దు. పెద్ద ట్రక్కుల లైసెన్స్ మాన్యువల్లో కూడా ఇదే రాస్తారు. మాటిమాటికీ బ్రేకు వేయాల్సి వస్తోందంటే మీ గేరు పైన ఉందని అర్థం, ఇంకోటి దించండి.

ఇక బ్రోషర్ 8 వేల సంగతి. ఆ నంబర్లు ఎస్ఏఈ జే2807 అనే టెస్ట్ ప్రకారం ఇస్తారు. అందులో కొండ టెస్ట్ అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర, బుల్‌హెడ్ సిటీ పక్కన, 11.4 మైళ్ళ ఎక్కుడు, 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో ఏసీ ఫుల్లుగా పెట్టి స్పీడు 40 కంటే తగ్గకుండా ఎక్కాలి. టఫ్ టెస్టే, కానీ ఆ రోడ్డు మొదలయ్యేది 500 అడుగుల దగ్గర, పూర్తయ్యేది మూడున్నర వేల దగ్గర. మీరు వెళ్ళే చోట మొదలే అయిదు వేలు. ఫోర్డ్ వాళ్ళే మొదటి వెయ్యి అడుగులు దాటాక ప్రతి వెయ్యికీ కాంబినేషన్ బరువు (ట్రక్కూ ట్రైలరూ కలిపి) 2 శాతం తగ్గించుకోమని చెప్తారు, 11 వేల దగ్గర అది 20 శాతం. టర్బో లేని ఇంజన్ అయితే వెయ్యికి 3 శాతం చొప్పున పవర్ పోతుంది, మీది టర్బో కాబట్టి అంత ఏడవదు.

గోల్డెన్_గోదారి:

మాస్టారు చెప్పిందానికి చిన్న తోక. కొలరాడోలో రెగ్యులర్ పెట్రోల్ 85 ఆక్టేన్ ఉంటుంది, టెక్సస్‌లోలా 87 కాదు. అలవాటుగా చవకైన బటన్ నొక్కేస్తారు. టర్బో ఇంజన్‌తో బరువు లాగుతూ అది పోయించొద్దు, కనీసం 87, వీలైతే ప్రీమియమే.

ప్లేనో_పాండు:

తూకం వేయించా. జీప్‌తో ట్రైలర్ 7,140. ట్రక్కులో మేమందరం ఎక్కి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ లేకుండా తూచితే వెనక యాక్సిల్ లిమిట్‌కి దగ్గరకొచ్చేసింది, పేలోడ్, అదే పసుపు స్టిక్కర్ లెక్క, 1,580కి పైనే. ట్రైలర్ ఓనర్ మాత్రం అందరూ ఇలాగే లాగుతారు ఏం కాదు అంటున్నాడు.

రెండు డౌట్లు. ఒకటి, ట్రైలర్ లేకుండా జీప్ నాలుగు చక్రాలూ నేల మీదే పెట్టి టో బార్‌తో లాగితే 2 వేల పౌండ్లు మిగులుతాయి కదా, ఆర్వీల వెనకాల అలా లాగడం చూస్తుంటాం. రెండోది, మ్యాప్ నన్ను డురాంగో మీదుగా సిల్వర్టన్, రెడ్ మౌంటెన్ పాస్ దాటించి యూరే తీసుకెళ్తోంది. ఆ రోడ్డు వీడియోలు చూస్తే మా ఆవిడ నేను రానంటోంది.

ఆర్వీ_తాతయ్య:

రిటైరయ్యాక మేమిద్దరం మోటార్‌హోమ్‌లో తిరుగుతాం, వెనకాల రాంగ్లరే లాగుతాం, కాబట్టి టో బార్ సంగతి నేను చెప్తా బాబూ. రాంగ్లర్ అందుకు భేషైన బండి. ట్రాన్స్‌ఫర్ కేసుకి (ఫోర్ వీల్ డ్రైవ్ గేర్ పెట్టె) న్యూట్రల్ ఉంది కాబట్టి మైలేజీ లిమిట్ లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే గేరు పార్కులో, మాన్యువల్ అయితే ఏదో ఒక గేర్లో పెట్టాలి, న్యూట్రల్‌లో కాదు, ఇది చాలామంది తికమక పడతారు. స్టీరింగ్ లాక్ పడకూడదు. పెట్టాక పది గజాలు లాగి ఒకళ్ళు కిందకి దిగి నాలుగు చక్రాలూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో చూడాలి. ఓనర్స్ మాన్యువల్లో మీ మోడల్ ఇయర్‌కి ఏం రాశాడో అదే వేదం.

కానీ నీ కేసులో నేను వద్దంటా. జీప్‌లోనూ బ్రేకులు పడాలి, అయిదు వేల పౌండ్లని ట్రక్కు బ్రేకులే ఆపాలంటే ఆ కొండల్లో ఆత్మహత్యే, చాలా స్టేట్స్‌లో 3000 పౌండ్లు దాటితే బ్రేకులుండాలని చట్టం కూడా. జీప్ పెడల్ తొక్కే సప్లిమెంటల్ బ్రేక్ బాక్స్ ఒకటి, బార్ ఊడితే బ్రేకులు పడే బ్రేక్‌అవే స్విచ్, సేఫ్టీ చైన్లు, జీప్‌కి బార్ తగిలించే బేస్ ప్లేట్, అన్నీ కలిపితే సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కంటే ఏం తక్కువవ్వదు. పైగా నీ రిసీవర్ 5000 అన్నావు, జీప్ కూడా 5000 అన్నావు. పైగా వెనక్కి తీయడం కుదరదు, రాంగ్ టర్న్ తీసుకుంటే రోడ్డు మధ్యలో జీప్ విప్పుకోవాల్సిందే.

అసలు కారణం ఇంకోటి. నువ్వు వెళ్తోంది రాళ్ళ మీద తిప్పడానికి. టై రాడ్ వంగిందనుకో, యాక్సిల్ షాఫ్ట్ విరిగిందనుకో, నేల మీద దొర్లించుకుంటూ వెయ్యి మైళ్ళు ఎలా తెస్తావు? ట్రైలర్ ఉంటే వించ్‌తో లాగి పైన పడేసి ఇంటికి తెచ్చుకుంటావు. ఆఫ్‌రోడ్ వాళ్ళు ట్రైలర్ని వదలనిది అందుకే.

రూబికాన్_రాజు:

తాతయ్య గారికి +1. పాండు, ఆ 7000 ట్రైలర్ తీసుకోకు. 7,140 అంటే ఇప్పటికే ఓవర్, ఇంకా సామాను పెట్టలేదు. 5,200 పౌండ్ల యాక్సిళ్ళు రెండున్న పదివేలది చూడు, ఖాళీ బరువు కొంచెం పెరుగుద్ది గానీ బ్రేకులు పెద్దవి, టైర్లు గట్టివి. రెంట్‌కి యూ-హాల్ ఆటో ట్రాన్స్‌పోర్ట్ ఉంది, అది 2,210 ఖాళీ, పైన 5,290 దాకా పెట్టొచ్చు, నీ జీప్ పడుతుంది, కానీ అందులో సర్జ్ బ్రేకులు. అంటే ట్రైలర్ ముందుకి తోస్తే ఆ తోపుకే బ్రేకు పడుద్ది, నీ చేతిలో ఏం ఉండదు. చదునులో సూపర్, పొడుగు దిగుడులో ట్రైలర్ ఎప్పుడూ ముందుకి తోస్తూనే ఉంటది కాబట్టి బ్రేకు ఆనుకునే ఉండి వేడెక్కుద్ది. ఎలక్ట్రిక్ బ్రేకులైతే క్యాబిన్‌లో కంట్రోలర్ ఉంటది, గెయిన్, అంటే బ్రేకు ఎంత గట్టిగా పడాలో, నువ్వు పెట్టుకోవచ్చు, చేత్తో నొక్కే లివర్ కూడా ఉంటది. ఖాళీ పార్కింగ్ లాట్‌లో 20, 25 మైళ్ళ స్పీడులో ఆ లివర్ ఒక్కటే నొక్కి చూడు, చక్రాలు లాక్ అవ్వకుండా గట్టిగా పట్టేలా సెట్ చెయ్. ట్రైలర్ తోకాడించడం మొదలుపెడితే ట్రక్కు బ్రేకు తొక్కకు, యాక్సిలరేటర్ వదిలి ఆ లివర్ నొక్కు, ట్రైలర్ వెనక్కి లాగి తనంతట తనే సరి అవుద్ది.

మనుషుల బరువు మాత్రం ట్రైలర్ మార్చినా తగ్గదు. ఇద్దర్ని వేరే బండిలో పంపు, లేదా సామానంతా జీప్‌లోకి, యాక్సిళ్ళ మధ్యకి వచ్చేట్టు సర్దు. లేదంటే 3/4 టన్ను ట్రక్కు (ఎఫ్-250 లాంటిది) అడుగు ఎవరినైనా. నీకు నచ్చదు గానీ ఉన్న మాట.

టైర్లు చూడు, ట్రైలర్ టైర్లు అరగకముందే ముసలవుతాయి. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం. అలాంటివి ఉంటే బేరం ఆడి కొత్తవి వేయించుకో. చాలా ఎస్‌టీ టైర్లకి, అంటే ట్రైలర్లకే చేసినవాటికి, 65 మైళ్ళే లిమిట్, వెస్ట్ టెక్సస్‌లో 75 బోర్డు ఉంది కదా అని తొక్కకు.

మెసా_మాధవి:

నేను గ్రాండ్ జంక్షన్‌లో నర్సుని, ఈ రోడ్లన్నీ మాకు కూరగాయలకి వెళ్ళొచ్చే రోడ్లు. తమ్ముడూ, మీ ఆవిడ మాటే విను. రెడ్ మౌంటెన్ పాస్ 11,018 అడుగులు, దాని ముందు కోల్ బ్యాంక్, మోలస్ రెండు పాస్‌లు, దానికంటే ముందు వుల్ఫ్ క్రీక్. యూరే వైపు దిగేటప్పుడు చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు, స్నో తోసేయడానికి జాగా కావాలని పెట్టలేదంటారు. ఉత్తరం వైపు వస్తే కొండ పక్క లేన్ నీది, యూరే నుంచి దక్షిణానికి వెళ్తే లోయ అంచు నీది. లోకల్ వాళ్ళు ట్రైలర్లు లాగుతారు, నిజమే, కానీ నలభై అడుగుల పొడుగు బండితో, మొదటిసారి, పిల్లలతో, అవసరం ఏముంది? నీకు వేరే దారి ఉంది కదా.

అమరిల్లో, డాల్‌హార్ట్, రేటన్ మీదుగా ఐ-25 ఎక్కి వాల్సెన్‌బర్గ్ దగ్గర యూఎస్ 160 పట్టుకో. లా వీటా పాస్ 9,400 అడుగులు, వెడల్పు రోడ్డు, ప్రాక్టీసుకి మంచిది. అలమోసా నుంచి ఉత్తరంగా సువాచ్ వచ్చి స్టేట్ హైవే 114 మీద గన్నిసన్ దిగు. దాని పాస్ పదివేల అడుగులకి కొంచెం పైన, గ్రేడ్ మెత్తగా ఉంటుంది, ట్రాఫిక్ అంతకంటే ఉండదు. 11,312 అడుగుల మోనార్క్ పాస్ తప్పించుకోవాలనుకునే ట్రైలర్ వాళ్ళు ఇటే వస్తారు. సిగ్నల్ మాత్రం దొరకదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో. గన్నిసన్ నుంచి మాంట్రోస్ వెళ్ళు, మాంట్రోస్ నుంచి రిడ్జ్‌వే మీదుగా యూరే దాకా లోయలో చక్కటి రోడ్డు. 11 వేల అడుగుల పాస్ ఏదీ ఎక్కకుండా కొండల మధ్యలోకి చేరిపోతావు. యూరే ఊరు ఇరుకు, మూడు వైపులా కొండే, ట్రైలర్ పెట్టుకోవడానికి హోటల్ వాళ్ళని ముందే అడుగు, లేదా రిడ్జ్‌వేలో గానీ మాంట్రోస్‌లో గానీ వదిలేసి జీప్ నడుపుకుంటూ వెళ్ళు. రెడ్ మౌంటెన్ చూడాలనుంటే జీప్‌లోనే సిల్వర్టన్ దాకా పోయి రా, ఆ రోడ్డు చూడాల్సిందే, ట్రైలర్‌తో కాదు అంతే.

యూరే నుంచి మోయాబ్‌కి మ్యాప్ నార్‌వుడ్, లా సాల్ మీదుగా చూపిస్తే వెళ్ళకు, అందమైన దారే గానీ ఒంటరి దారి, ఘాట్ కూడా ఉంది. దానికి వెళ్ళాలంటే ఎక్కే పాస్ పేరు డాలస్ డివైడ్, మీ ఊరి పేరే కాబట్టి ఫోటో దిగాలనిపిస్తే జీప్‌లో రా 😀. ట్రైలర్‌తో అయితే మాంట్రోస్, మా ఊరు, ఐ-70, క్రెసెంట్ జంక్షన్ దగ్గర యూఎస్ 191.

మీ మామగారి సంగతి అడుగుతున్నా, వయసెంత, బీపీ, గుండె ఏమైనా ఉందా? యూరే ఊరే 7,792 అడుగులు, ఇమోజిన్ పాస్ 13,114. డాలస్ నుంచి రెండో రోజే అక్కడికి ఎక్కించకు. మొదటి రెండు రోజులు ఊళ్ళోనే ఉండండి, హాట్ స్ప్రింగ్స్ ఉన్నాయి, నీళ్ళు బాగా తాగించు. వెళ్ళే ముందు ఆయన డాక్టరుకి ఒక ఫోన్ చెయ్యి. ఇంకో మాట, యూరే ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, రైస్ కుక్కర్‌లో అన్నం పలుకుపలుకుగానే ఉంటుంది, పప్పు అసలు ఉడకదు. ఇద్దరికి సరిపోయే చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకురా, ఆ నాలుగు పౌండ్లకి పేలోడ్ లెక్క చూడక్కర్లేదు.

మోయాబ్ జూలైలో వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. స్కూల్ అడ్డం రాకపోతే సెప్టెంబర్ పెట్టుకో, యూరేలో ఆస్పెన్ ఆకులు పసుపెక్కుతాయి, మోయాబ్ కాస్త చల్లబడుతుంది.

గోల్డెన్_గోదారి:

మాధవి గారి 114 రూట్‌కి నా ఓటు కూడా. తిరుగు ప్రయాణం ఐ-70 గురించి నేను చెప్తా. మోయాబ్ నుంచి తూర్పుకి వస్తుంటే మీరు మొదట వేయిల్ పాస్ ఎక్కుతారు, 10,660 దాకా, తర్వాత సిల్వర్‌థోర్న్ నుంచి టన్నెల్‌కి 7 శాతం ఎక్కుడు. కుడి లేన్లో లారీల వెనకాల 40లో ఎక్కండి, టెంపరేచర్ ముల్లు చూస్తూ, అవసరమైతే ఏసీ ఆపండి. టన్నెల్ దాటాక మాస్టారు చెప్పిన 12 యూనిట్లు మొదలు. టన్నెల్లోనే గేరు దించేసుకోండి, బయటికొచ్చాక కాదు.

జార్జ్‌టౌన్ చేరాక అయిపోయిందనుకుంటారు. అవ్వలేదు. ఐడాహో స్ప్రింగ్స్ తర్వాత ఫ్లాయిడ్ హిల్ మళ్ళీ ఎక్కుడు, అక్కడ 2023 నుంచి రోడ్డు పని నడుస్తోంది, లేన్లు ఇరుకు. అది దాటాక డెన్వర్ కనబడుతుంది, ఆ చివరి దిగుడే అసలుది, మౌంట్ వెర్నన్ క్యాన్యన్. అక్కడ లారీవాళ్ళకి పెద్ద బోర్డులుంటాయి, మోసపోకండి, ఇంకా నాలుగు మైళ్ళు నిటారు దిగుడూ మలుపులూ ఉన్నాయి అని. ఊరు కనబడగానే కొండ అయిపోయిందని గేరు పైకి వేసేస్తారు కాబట్టే ఆ బోర్డు. 2019 ఏప్రిల్‌లో ఒక లారీ బ్రేకులు పోయి ఈ కొండ దిగి లేక్‌వుడ్ దగ్గర ఆగి ఉన్న ట్రాఫిక్ మీదకి పోయింది, నలుగురు చనిపోయారు. దారిలో రన్‌అవే ర్యాంప్ ఉన్నా దాటేశాడు. ఆ ర్యాంపులు లారీలకే అనుకోకండి, పెడల్ మెత్తబడితే మీరూ ఎక్కేయండి, బండి పాడైనా పర్లేదు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం తూర్పు వైపు రావద్దు, డెన్వర్ మొత్తం కొండల నుంచి తిరిగొచ్చేది అప్పుడే. ఎడమ పక్క టోల్ ఎక్స్‌ప్రెస్ లేన్ ఖాళీగా ఊరిస్తుంటుంది, ట్రైలర్లకి అందులోకి పర్మిషన్ లేదు. సోమవారం పొద్దున్నే బయల్దేరండి.

ప్లేనో_పాండు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆ ట్రైలర్ వద్దని చెప్పేశా. మా కజిన్ దగ్గర ఎఫ్-250 ఉంది, వాడూ వస్తానంటున్నాడు, వాడి ట్రక్కుకి పదివేల ట్రైలర్ రెంట్‌కి తీసుకుని జీప్ వాడు లాగుతాడు, ఆడవాళ్ళూ పిల్లలూ మామగారూ సామానూ నా ట్రక్కులో. మామగారికి బీపీ ఉంది మాధవి అక్కా, డాక్టరుతో మాట్లాడతా. రూట్ 114 ఫిక్స్. స్ట్రాప్‌లు ఎన్ని కావాలి, జీప్‌ని ఫ్రేమ్‌కి కట్టాలా యాక్సిల్‌కా?

రూబికాన్_రాజు:

యాక్సిల్‌కి, నాలుగు మూలలా నాలుగు. ఫ్రేమ్‌కి కడితే స్ప్రింగులు ఊగినప్పుడల్లా స్ట్రాప్ లూజ్ అవుద్ది. ముందు రెండూ ముందుకి, వెనక రెండూ వెనక్కి లాగేట్టు. బ్రేక్ పైపులకీ సెన్సర్ వైర్లకీ ఆనకుండా చూడు, హ్యాండ్ బ్రేక్ వేసి గేర్లో పెట్టు. బయల్దేరి పాతిక మైళ్ళయ్యాక ఎక్కడైనా ఆగి మళ్ళీ బిగించు, మొదటిసారి కచ్చితంగా లూజ్ అయి ఉంటాయి. హబ్‌ల మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడు, ఒకటి మాత్రం మిగతా వాటికంటే వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తున్నట్టు. కజిన్ ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ ఉందో లేదో ఇప్పుడే అడుగు, అన్ని 250ల్లో ఉండదు.